ఒక్కటే నేల, ముక్కల చదువు

గోదావరిఖనిలో కిరాయి గదిలో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో మొదటిసారి నేను "గోండ్వానా శిలలు" అనే మాట విన్నాను. పక్క గదిలో మైనింగ్ చదివే మిత్రుడు పరీక్ష ముందు రాత్రి ఆ పాఠాన్ని గట్టిగా వల్లె వేస్తున్నాడు. గోండ్వానా అంటే ఏందని అడిగితే "బొగ్గుండే రాయి" అన్నాడు. అది మా పేరు గదా అన్నాను. అతను నవ్వాడు. నేను కోయితూర్‌ను, బయటివాళ్లు గోండు అనేవాడిని. కానీ మా పేరు రాయికి ఎట్లా వచ్చిందో ఆ రాత్రి చెప్పలేకపోయాను. నేను చదివేది చరిత్ర. నా పుస్తకంలో గోండులకు ఒక పేరా దొరికింది, రాళ్లకు ఒక్క వాక్యం లేదు. అతని పుస్తకంలో రాళ్లకు మూడు అధ్యాయాలున్నాయి, గోండులకు ఒక్క వాక్యం లేదు.

ఆ పేరు సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన హెన్రీ మెడ్లికాట్ 1870లలో మధ్య భారతపు ఒక శిలా సముదాయానికి గోండు రాజ్యాలున్న ప్రాంతం పేరే పెట్టాడు. 1885లో వియన్నా విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్ర ఆచార్యుడు ఎడ్వర్డ్ స్యూస్ ఆ మాటను మరింత దూరం తీసుకుపోయాడు. దక్షిణాన ఉన్న భూభాగాలు ఒకప్పుడు కలిసే ఉండేవని చెప్పి, ఆ పాత నేలను గోండ్వానా భూమి అన్నాడు. దానికి ఆధారం ఒక ఆకు. నాలుక ఆకారంలో ఉండే గ్లోసాప్టెరిస్ ఆకు అచ్చు మన దేశపు గోండ్వానా బొగ్గు పొరల్లో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో దొరికింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మంచులో చనిపోయిన స్కాట్ బృందం మోసుకొచ్చిన రాళ్లలోనూ అదే ఆకు ఉంది. అంటే చెట్ల చదువు ఎరిగినవాళ్లు రాళ్ల చదువుకు దారి చూపించారు. ఇంత పెద్ద కథకు మన పేరుంది. మన బడుల్లో మాత్రం ఆ ముచ్చట ఎవరూ చెప్పరు, ఎందుకంటే అది ఏ సబ్జెక్టు కిందికీ రాదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదే. బొగ్గు బెల్టులో నేల ఒక్కటే. కింద బొగ్గు, పైన అడవి, అడవిలో గూడెం, గూడెంలో భాష, భూమికి పట్టా, బాయిలో దిగిన మనిషి ఊపిరితిత్తులు, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. చదువు మాత్రం వాటిని తలా ఒక గదిలో పెట్టి తాళం వేసింది. ఆ తాళాలకు మనవాళ్లు ఏమి చెల్లించారో చరిత్రలో ఉంది. ఎవరైనా వాటిని తీసినప్పుడు ఏమి జరిగిందో కూడా ఉంది.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు గుర్తించాడు. 1886లో ఇంగ్లండ్‌లో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వే హక్కులు వచ్చాయి. 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు స్థిరపడింది. ఈ తేదీలు కార్మికుల పిల్లలందరికీ కంఠస్థమే. వీటికి ముందు ఒక కథ కూడా చెబుతారు. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో మూడు నల్లరాళ్లు పెట్టి వంట చేసుకుంటే పొయ్యిరాళ్లే అంటుకున్నాయట. ఆ కథలో దారిన పోయేవాళ్లున్నారు, ఆ దారి పక్కన కాపురముండే కోయ గుంపులు లేవు. భూగర్భ పటానికి గూడెంతో పని లేదు, దాని పని పొరలు చూపించడం. తప్పు పటానిది కాదు. పక్కన ఇంకో పటం గీసే మనిషిని ఎవరూ పంపలేదు.

అట్లాంటి మనిషి వచ్చేసరికి డెబ్బై ఏళ్లు పట్టింది. అదీ తుపాకులు పేలిన తర్వాత. 1940లో జోడెఘాట్ దగ్గర కుమ్రం భీం చనిపోయాడు. అడవి మీద, భూమి మీద హక్కు కోసం గోండులు, కోలాములు ఎందుకు లేచారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు అనిపించింది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆ పనికి కుదిరాడు. ఆయన పుట్టింది, చదివింది వియన్నాలో, అంటే మన పేరును భూగోళానికి పెట్టిన స్యూస్ పాఠాలు చెప్పిన ఊర్లో. ఒక ఊరి నుంచి ఒకరు మన రాళ్లకు పేరు విస్తరిస్తే, ఇంకొకరు మన మనుషుల దగ్గరికి వచ్చారు. రెండు చదువులూ ఒకే విశ్వవిద్యాలయంలో ఉన్నా వాటి మధ్య అరవై ఏళ్ల దూరముంది. దీన్ని కాకతాళీయమే అనండి, నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఏదోలా ఉంటుంది.

హైమన్‌డార్ఫ్ మానవ శాస్త్రం చదివినవాడు. ఆచారాలు రాసుకొని పుస్తకం అచ్చేసి పోవచ్చు. పుస్తకాలూ రాశాడు, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద రాసినది 1948లో వచ్చింది. కానీ మార్లవాయిలో ఉన్నప్పుడు తన చదువు ఒక్కటే చాలదని ఆయనకు తెలిసివచ్చింది. భూమి పోతున్నదని గోండు చెబితే అది ఆచారం కాదు, రెవెన్యూ కాగితం. ఆ కాగితం చదవడానికి గోండుకు అక్షరం రాదు. బడి పెడదామంటే పంతులు భాష పిల్లలకు రాదు, పిల్లల భాష పంతులుకు రాదు. అందుకే 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి మాటలను దేవనాగరి అక్షరాల్లో రాసి వాచకాలు తయారు చేశారు. ఇటు భూమి పట్టాల పని కూడా సాగింది. ఆనాడు ఆదిలాబాద్‌లో అధికారిగా ఉన్న సేతుమాధవరావు చరిత్రకారుడు, గోండి వ్యాకరణం కూడా రాశాడు. ఒక రెవెన్యూ అధికారి వ్యాకరణం రాయడం, ఒక మానవ శాస్త్రవేత్త పట్టాల కోసం తిరగడం, ఇది ఏ సిలబస్‌లోనూ లేని పని. అవసరం వాళ్లను గోడ దూకించింది.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన ప్రభుత్వం మనిషి. తిరుగుబాటు మళ్లీ రాకుండా చూడాలని పిలిపించుకున్న మనిషి. భీం అడిగింది హక్కు, వచ్చింది సలహాదారు. తర్వాత ఆయన ఉస్మానియాలో మానవ శాస్త్రం బోధించాడు. కానీ మార్లవాయి ప్రయోగం ఉస్మానియాలో ఒక చదువుగా నిలబడలేదు. హైదరాబాద్ రాజ్యం పోయాక గోండి వాచకాలూ మూలకు పడ్డాయి. ఆ దంపతుల సమాధులు మార్లవాయిలో ఉన్నాయి, ఏటా మనవాళ్లు పూలు పెడతారు. పూలు మంచివే. ఆ వాచకం ఒక్కటి ఏ విశ్వవిద్యాలయం తరగతిలోనైనా కొనసాగి ఉంటే, ఈ ఎనభై ఏళ్లలో గోండిలో లెక్కలు, గోండిలో ఆరోగ్య శాస్త్రం రాసేవాళ్లు మూడు తరాలు తయారయ్యేవారు.

గోడ దూకిన ఇంకో ఉదాహరణ మనకు ఇంకా దగ్గర, గోదావరి ఒడ్డునే ఉంది. ఇది చాలామంది ఉపాధ్యాయులకు కూడా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థ పని లెక్కలు. పంటల అంచనా, జనాభా నమూనా సర్వేలు, పంచవర్ష ప్రణాళికలు అక్కడి విషయాలు. 1957లో మహలనోబిస్ లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిచి, లెక్కల సంస్థలో భూగర్భ విభాగం పెట్టించాడు. లెక్కల ఇంట్లో ఎముకలేమిటని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. ఆ విభాగం వాళ్లు ప్రాణహిత గోదావరి లోయకు వచ్చారు. సిరొంచ వైపు పోచంపల్లి అనే ఊరి దగ్గర పెద్ద రాక్షసిబల్లి ఎముకలు బయటపడ్డాయి. దానికి బారాపాసారస్ టాగోరి అని పేరు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు చేర్చారు. ఆ అస్థిపంజరం కలకత్తాలో ఆ లెక్కల సంస్థలోనే నిలబడి ఉంది. కవి పేరు, పల్లె నేల, లెక్కల సంస్థ, లండన్ చదువు అన్నీ ఒక ఎముకల గూటిలో కలిశాయి. తర్వాత ఇటు మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్త యాదగిరి బృందం ఇంకో రాక్షసిబల్లిని తవ్వి తీసింది. 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో దాన్ని చూడవచ్చు. మన ఊరి పేరు లాటిన్ పేరులో ఉంది. అయినా మన జిల్లా బడి పిల్లవాడు డైనోసార్ అంటే అమెరికా సినిమా అనుకుంటాడు.

ఇప్పుడు బాయిలోకి దిగుదాం.

గనుల మీద యూరప్‌లో అచ్చయిన పెద్ద గ్రంథం రాసింది ఇంజినీరు కాదు, వైద్యుడు. గియోర్గ్ అగ్రికోలా గని పట్నంలో వైద్యం చేస్తూ, రోగుల వెంట గనులను చూసి రాసిన పుస్తకం 1556లో వచ్చింది. గని పని చేసేవాడికి ఏమేమి తెలిసి ఉండాలో మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. తత్వం, వైద్యం, ఖగోళం, కొలతలు, లెక్కలు, కట్టడం, బొమ్మ గీయడం, చట్టం. వైద్యం ఎందుకంటే పనివాళ్లకు వచ్చే జబ్బులు తెలియాలి, చట్టం ఎందుకంటే ఎవరి హక్కు ఎక్కడిదాకనో తెలియాలి. నాలుగు వందల డెబ్బై ఏళ్ల కిందటి సిలబస్ ఇది. ఆ పుస్తకాన్ని 1912లో ఇంగ్లీషులోకి తెచ్చింది ఒక గని ఇంజినీరు, ఆయన భార్య. ఆ ఇంజినీరు హెర్బర్ట్ హూవర్, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.

మన దగ్గరికి వస్తే, 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఇపి గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ధన్‌బాద్ దగ్గర చస్నాలాలో 1975 డిసెంబరు 27న ఇట్లాగే నీరు ముంచెత్తితే 375 మంది పోయారు. ప్రమాదాల విచారణ నా పని కాదు. చరిత్ర చదివినవాడిగా ఒక్క మాట చెబుతాను. గని నీట మునగకుండా కాపాడే వాటిలో పాత పనుల పటం ముఖ్యమైనది. ఎప్పుడో తవ్వి వదిలేసిన గ్యాలరీ ఎక్కడిదాకా పోయింది, అందులో నీళ్లు నిలిచాయా, మధ్యలో ఎంత మందం బొగ్గు గోడ మిగిలింది, ఇవన్నీ ఆ పటం చెప్పాలి. అంటే అది ఒక చరిత్ర పత్రం. దాన్ని నమ్మాలా వద్దా, ఎవరు గీశారు, ఏ సంవత్సరం, తర్వాత ఇంకెంత తవ్వారు అని అడగడం చరిత్రకారుడు శాసనం ముందు కూర్చొని చేసే పనే. పాత కోల్‌కట్టర్లు, టింబర్‌మన్లు చెప్పే మాటలు కూడా సాక్ష్యమే. మా నాయిన ఫిల్లర్‌గా చేసేవాడు. కప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, "బోలు పలుకుతున్నది" అని పక్కకు జరిగిన రోజుల ముచ్చట చెప్పేవాడు. ఆ చెవిని ఏ కాలేజీలో నేర్పుతున్నారు? మైనింగ్ విద్యార్థికి మౌఖిక చరిత్ర ఒక పేపర్ ఉంటే అది అలంకారం కాదు, ప్రాణరక్షణ.

ఇప్పుడు మన బెల్టులో చదువులు ఎట్లా ఉన్నాయో చూడండి. మంథని పేరుతో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ సెంటినరీ కాలనీలో ఉంది, అక్కడ మైనింగ్ చెబుతారు. గోదావరిఖనిలో సింగరేణి వైద్య కళాశాల 2022 నుంచి నడుస్తున్నది. డిగ్రీ కాలేజీలు శాతవాహన విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి, వాటిలో చరిత్ర, తెలుగు, ఆర్థిక శాస్త్రం చెబుతారు. ఒక పూటలో ఈ మూడింటినీ చూసి రావచ్చు. కానీ దుమ్ము లేపే యంత్రం గురించి చదివేవాడు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో చదివే అమ్మాయి, ఆ ఊపిరితిత్తులున్న మనిషి ఏ ఊరి నుంచి ఎందుకు వచ్చాడో చదివే పిల్లవాడు, ఈ ముగ్గురు ఒక్క తరగతిలో కూర్చునే ఏర్పాటు లేదు. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లో వృత్తి రోగాల మీద పుస్తకం రాస్తూ, రోగిని నీ పని ఏమిటని కూడా అడగండని తోటి వైద్యులకు చెప్పాడు. మనవాడు దగ్గుతూ ఆస్పత్రికి పోతే ఆ ఒక్క ప్రశ్న అడగాలి. ఏ బాయి, ఏ పని, ఎన్నేళ్లు, ఇప్పుడు ఓసీ కుప్పకు ఎంత దూరంలో ఇల్లు అని అడగాలి. అడగాలంటే ఆ డాక్టరుకు ఫిల్లర్ అంటే ఏమిటో, టబ్బు అంటే ఏమిటో తెలియాలి.

చట్టం సంగతి ఇంకా ఘోరం. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పేరు మన యువకులందరికీ తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో సింగరేణి కూడా తవ్వకూడదని దానివల్ల చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ తీర్పు ఆపింది ప్రైవేటు కంపెనీలను. ప్రభుత్వ సంస్థలకు దారి ఉంచింది. అయితే అదే తీర్పులో గని లాభాల్లో కనీసం 20 శాతం స్థానికుల అవసరాలకు శాశ్వత నిధిగా పెట్టాలనే మాట ఉంది. ఆ మాట పట్టుకొని అడగాలంటే కంపెనీ లెక్కల పుస్తకం చదవడం రావాలి. 1/70 తెలిసినవాడికి బ్యాలెన్స్ షీటు రాదు, కామర్స్ చదివినవాడికి 1/70 తెలియదు. బొగ్గు భూములు తీసుకునే 1957 చట్టం, అటవీ హక్కుల 2006 చట్టం ఒకే ఎకరం మీద పడతాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివే బల్ల లేదు. ఊరు లేచిపోయే నాడు ఇల్లు, చెట్టు, బావి ఏదో ఒక గడిలో రాస్తారు. పెర్సాపెన్ ఉండే చోటును ఏ గడిలో రాయాలో చెప్పగలిగేవాడు, అదే సభలో బ్లాస్టింగ్ దూరం ఎంతని అడగగలిగేవాడు ఒక్కడే అయితే ఆ సభ వేరేగా నడుస్తుంది.

దీనికి ఎదురుమాట ఉంది, అది తేలిక మాట కాదు. మా తమ్ముడి వరస పిల్లవాడు ఒకడు నాతో అన్నాడు: "అన్నా, అన్నీ కొంచెం కొంచెం చదివితే ఓవర్‌మెన్ సర్టిఫికెట్ ఎవడిస్తాడు?" నిజమే. మన పిల్లలకు మొదట కావాల్సింది చేతిలో ఒక పట్టు. నాకు ఇంకో భయం కూడా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక బహుళ విషయాల చదువు అనే మాట అందరి నోట్లో ఉంది. లెక్చరర్లు సరిగా లేని కాలేజీలో ఆ మాటకు అర్థం, ఉన్న రెండు సబ్జెక్టులను పలచన చేసి నాలుగు పేర్లు పెట్టడం. గనిని పట్నం పిల్లలకు, జానపద కళను మన పిల్లలకు పంచిపెట్టి దాన్నే కొత్త చదువు అంటే నేను ఒప్పుకోను. అగ్రికోలా ముందు మంచి వైద్యుడు, తర్వాతే గనికి పోయాడు. ఒక చదువులో వేరు లోతుగా దిగాలి. కొమ్మలు పక్కింటి మీదికి పోతే నరకొద్దు, అంతే.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, మన ప్రాంతంలో రెండు కొత్త విశ్వవిద్యాలయాలు ఇప్పుడే తమ సిలబస్‌లు రాసుకుంటున్నాయి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. 2024లో ఇంగ్లీషు, ఆర్థిక శాస్త్రం తరగతులతో అది మొదలైంది. కొత్తగూడెంలో 1970ల చివరి నుంచి ఉన్న గనుల కళాశాలను 2025లో ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మార్చి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. ఒకదానికి మనుషులు, ఒకదానికి రాళ్లు. నేను గోదావరిఖని గదిలో విన్న గోడే మళ్లీ లేస్తున్నదా అని నా అనుమానం. ములుగు పక్కనే భూపాలపల్లి గనులున్నాయి. కొత్తగూడెం చుట్టూ కోయ గూడేలున్నాయి. ములుగు విద్యార్థి ఒక సెమిస్టర్ కొత్తగూడెంలో భూగర్భ పటం చదవడం నేర్చుకోవడానికి, కొత్తగూడెం విద్యార్థి ఒక సెమిస్టర్ ములుగులో కోయ భాష, ఐదో షెడ్యూలు చదవడానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక ఒప్పందం, ఒక బస్సు చాలు.

కలిసి పని చేస్తే ఏమవుతుందో గుంజాలలో చూశాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు ఉన్నాయని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్లు, జయధీర్ తిరుమలరావు బృందం, వెలుగులోకి తెచ్చారు. ఆ లిపి చదవడానికి చరిత్ర ఒక్కటే సరిపోలేదు. ఊరి పెద్దలు అక్షరం పలికారు, భాషా శాస్త్రం వాళ్లు ధ్వని రాసుకున్నారు, కంప్యూటర్ వాళ్లు ఫాంటు చేశారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు అది ఫోన్‌లో టైపు చేసే అక్షరం. గుంజాల పెద్దలకు డిగ్రీలు లేవు, వాళ్లు లేకుంటే ఆ పనే లేదు.

ఉపాధ్యాయ మిత్రులు విశ్వవిద్యాలయం కోసం ఆగక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పని చేయించి చూడండి. మీ ఊరి పాత బాయి ఒకటి ఎంచుకోండి. అది ఏ సంవత్సరం మొదలైంది, ఎప్పుడు మూసేశారు, దాని కింద ఏ పొర, పైన ముందు ఏ గూడెం ఉండేది, ఎవరెవరు దిగారు, ఎవరు దగ్గుతున్నారు, నీళ్లు ఎక్కడ నిలిచాయి అని అడిగి ఒకే కాగితం మీద గీయమనండి. మా బడిలో ఇది చేసినప్పుడు ఒక అమ్మాయి కాగితం రెండు వైపులా గీసింది. ఒక వైపు ఊరు, వెనక వైపు గని. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వాళ్ల అవ్వ ఇల్లు సరిగ్గా ఒక గ్యాలరీ మీద పడింది. సైన్సు మార్కులు వేయాలా, సోషల్ మార్కులు వేయాలా అని స్టాఫ్ రూమ్‌లో ఇంకా తెగలేదు.